మా పెద్దావిడకి ఏ ఆయిల్ పొయ్యాలి?

పాత కారు ఉన్నవాడికి నడిరోడ్డు మీద బానెట్ ఎత్తే స్వాతంత్ర్యం లేదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే ఎవరూ వచ్చి తొంగిచూడరు. బీరువా తీసినా చూడరు. బానెట్ ఎత్తితే మాత్రం, ఇంకా దానికి కడ్డీ ఆనించకముందే, ఎక్కడినుంచి వస్తారో తెలీదు, నలుగురు మగవాళ్లు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. ఒకాయన లోపలికి చూసి "ఊఁ" అంటాడు. రెండో ఆయన "బ్యాటరీయేనా?" అంటాడు. మూడో ఆయన తన బంధువుల కారుకి అచ్చం ఇలాగే అయి చివరికి ఏమైందో చెప్తాడు. చివరికి మంచి జరిగిన బంధువుల కారు గురించి నేను ఇంతవరకు వినలేదు. నాలుగో ఆయన ఏమీ అనడు. తల అడ్డంగా ఊపుతాడు, అంతే. నాకు ఆయనంటేనే భయం.

నేను అప్పుడు చేస్తున్నది వైపర్ల డబ్బాలో నీళ్లు పొయ్యడం.

కారు వయసు ఇరవై దాటి చాలా కాలమైంది. కొన్నప్పుడు నీలం రంగు. ఇప్పుడు ఇన్సూరెన్స్ కాగితాల్లో మాత్రమే నీలం. ఇంట్లో అందరం దాన్ని పెద్దావిడ అంటాం. మూలుగుతుంది, దగ్గుతుంది, వానొస్తే అలుగుతుంది. డ్రైవర్ పక్క అద్దం పూర్తిగా పైకి రాదు, నాలుగు వేళ్లు పట్టేంత సందు మిగులుతుంది. అందుకని తాళం వెయ్యడం ఎప్పుడో మానేశాను. దొంగలకి కూడా ఒక స్థాయి ఉంటుంది, దీని జోలికి రారు.

అయినా మా సంసారం నడిచేది దాని మీదే. మా ఆవిడ స్కూల్లో డ్రాయింగ్ టీచరు. పొద్దున కారు ఆవిడది. మధ్యాహ్నం నుంచి నాది, ఎందుకంటే నాకు కళ్లజోళ్ల షాపుంది. రోజంతా జనాల కళ్ల ముందు అద్దాలు మారుస్తూ "ఇప్పుడు బాగుందా, ఇంతకుముందు బాగుందా" అని అడుగుతుంటాను. వాళ్లు భార్య వైపు చూసి జవాబు చెప్తారు. చూపు ఎవరిదైనా అంతే.

గొడవ మొదలైంది మా ఫ్లాట్ల సెక్రటరీ దగ్గర. ఆయన రిటైరయ్యేదాకా పరీక్షల విభాగంలో పనిచేశారు. అందుచేత ప్రపంచంలో ప్రతి వస్తువూ ఆయనకి పాసో ఫెయిలో అయితీరాలి. మొన్నీమధ్య సెల్లార్‌లో పార్కింగ్ నేలకి బూడిదరంగు పెయింటు వేయించారు. అద్దంలా మెరుస్తోంది. వేసిన వారానికే పెద్దావిడ దాని మీద రెండు చుక్కల ఆయిల్ కార్చింది. రెండే. ఆయన వాటి చుట్టూ సుద్దముక్కతో సున్నాలు చుట్టి, ఫొటో తీసి, లిఫ్టులో నోటీసు అంటించారు. పదిహేనేళ్లు దాటిన కార్ల కింద శనివారం సాయంత్రం తెల్ల చార్టు పరుస్తారట. ఆదివారం పొద్దున దాని మీద చుక్క కనిపిస్తే ఆ కారు గేటు బయటికి పోవాలట. పదిహేనేళ్లు దాటిన కారు మొత్తం ఫ్లాట్లలో ఒక్కటే ఉంది. అయినా ఆయన "కార్లు" అనే రాశారు. నిష్పక్షపాతం ఆయన ప్రాణం.

నోటీసు చదివొచ్చి మా ఆవిడ తేల్చి చెప్పింది.

"గేటు బయటికి వెళ్లిన రోజే అమ్మేద్దాం. దిక్కులేనిదానిలా రోడ్డు మీద పడేసి, పొద్దున్నే దానికోసం చెత్తబండి వెనక వెతుక్కోవడం నా వల్ల కాదు."

"అమ్మితే ఎవరు కొంటారు?"

"ఇనప సామాన్లవాడు వచ్చి చూసిపోయాడుగా."

చూశాడు, నిజమే. పుచ్చకాయ కొనేవాడిలా డోర్ల మీద వేళ్లతో తట్టి, చెవి ఆనించి విని, నన్ను జాలిగా చూసి వెళ్లాడు. ఆ చూపుకే నాకు ఒళ్లు మండింది. పెద్దావిడ గేటు దాటదని ఆ క్షణమే తీర్మానించుకున్నాను.

కారడానికి కారణం నాకు తెలుసు. పోయినసారి మా బావమరిది సర్వీసు చేయించి తెస్తానని తీసుకెళ్లి, తన కొత్త కారుకి పోసే ఆయిలే దీనికీ పోయించాడు. జీరో ట్వంటీ. ఈ నంబర్లు తెలియనివాళ్ల కోసం ఒక మాట. మొదటి అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది, రెండోది వేడెక్కాక సంగతి. నా భాషలో ఒకటి దూరపుచూపు, ఒకటి దగ్గరిచూపు. అంకె పెరిగినకొద్దీ చిక్కదనం. జీరో ట్వంటీ అంటే దాదాపు మంచినీళ్లు. కొత్త ఇంజన్‌లో సందులు సన్నగా ఉంటాయి, అక్కడికి పల్చటిదే కావాలి. పెద్దావిడకి ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు ఎండిపోయాయి, గాస్కెట్లు గట్టిపడ్డాయి. అందులో మంచినీళ్లు పోస్తే కారకేం చేస్తుంది? కారు తయారుచేసినవాడు చెప్పింది ట్వంటీ ఫిఫ్టీ. చిక్కటిది. అదే పోయిస్తానని భోజనాల బల్ల దగ్గర ప్రకటించాను. అదే నేను చేసిన తప్పు. ప్రకటించకుండా పోయించాల్సింది.

"బావా, ప్రపంచం ఎక్కడికో వెళ్లిపోయింది. నువ్వింకా ట్వంటీ ఫిఫ్టీ దగ్గరే ఉన్నావు. అది ఆయిల్ కాదు, రోడ్డుకి వేసే తారు" అన్నాడు బావమరిది. మా పై అంతస్తులోనే ఉంటాడు కాబట్టి భోజనం టైముకి అతన్ని పిలవక్కర్లేదు.

"తయారుచేసినవాడు చెప్పింది అదేరా."

"వాడు చెప్పినప్పుడు వాడి జుట్టు నల్లగా ఉండుంటుంది బావా. ఇప్పుడు వాడే మనసు మార్చుకునుంటాడు."

మామగారు మజ్జిగ గ్లాసు కిందపెట్టారు. ఆయన గ్లాసు కిందపెడితే అందరం ఆగాలి.

"మా రోజుల్లో ఈ జంట నంబర్ల గోలే లేదు అల్లుడుగారూ. ఒకటే నంబరు. ఫార్టీ. ఎండాకాలం ఫార్టీ, చలికాలం ఫార్టీ. బళ్లూ అలాగే ఉండేవి, మనుషులూ ఒక మాట మీద ఉండేవారు."

"ఆ బళ్లు ఇప్పుడెక్కడున్నాయి నాన్నా?" అన్నాడు బావమరిది.

"నీలాంటివాళ్ల చేతిలో పడి పోయాయి."

మా ఆవిడ మాత్రం "ఏదో ఒకటి పోయించండి. చార్టు మీద చుక్క కనపడకూడదు" అని కంచాలు తీసేసింది.

మూడో మనిషి మాట కూడా వింటే పోలా అని మెకానిక్ దగ్గరికెళ్లాను. అతని షెడ్డు మా గేటుకి ఎదురుగానే. చాలా మర్యాదస్తుడు. ఎవరి మనసూ నొప్పించడు.

"ట్వంటీ ఫిఫ్టీ పోద్దామా?"

"మంచిదే సార్."

"మా బావమరిది జీరో ట్వంటీ అంటున్నాడు."

"అదీ మంచిదే సార్."

"మా మామగారు ఉత్త ఫార్టీ అంటున్నారు."

"పెద్దాయన కదా సార్. మంచిదే."

"పోనీ కొబ్బరినూనె?"

కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఇప్పటిదాకా ఎవరూ పోయించలేదు సార్" అన్నాడు.

నేనే టిన్ను కొని తెచ్చాను. పాతది దింపించి, ట్వంటీ ఫిఫ్టీ పోయించి, ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూశాను. ఆయిల్ సరిగ్గా పైగీత దగ్గర నిలబడింది. అంతకంటే ఒక్క చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా ఇంట్లో వాళ్లకి అదే పుల్ల చూపించి, ఇక ఈ విషయంలో చర్చ లేదన్నాను. బావమరిది "సరే బావా, నీ ఇష్టం" అన్నాడు. మామగారు "సరే అల్లుడుగారూ, మీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఎవరూ ఎదురుచెప్పరు. నాకు గర్వంగా అనిపించింది.

మర్నాడు పొద్దున డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పైగీతకి కొంచెం పైన ఉంది.

నేల ఏటవాలుగా ఉందేమో అనుకున్నాను. ఆ మర్నాడు ఇంకొంచెం పైన ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పైనే ఉంది. ఇక్కడ ఇంకెవరైనా అయితే ఇంజన్‌ని అనుమానించేవారు. నేను కళ్లజోళ్లవాణ్ణి, కళ్లని అనుమానించాను. షాపుకెళ్లి, కుర్చీలో నేనే కూర్చుని, నా కళ్లు నేనే పరీక్ష చేసుకుని, దగ్గరిచూపు పవరు మార్చి కొత్త అద్దాలు బిగించుకున్నాను. కొత్త అద్దాల్లోంచి చూస్తే ఆయిల్ ఇంకా పైకి, ఇంకా స్పష్టంగా కనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "ఆయిల్ పెరుగుతోంది."

"పెరిగితే మంచిదేగా" అంది మా ఆవిడ. వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లింది.

"ఇంజన్‌లో వేడికి వ్యాకోచించి ఉంటుంది బావా" అన్నాడు బావమరిది.

"మంచి సూచన" అన్నారు మామగారు.

ముగ్గురూ ఒక విషయంలో నాతో ఏకీభవించడం మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి. ఇదంతా ట్వంటీ ఫిఫ్టీ మహిమేనని నేను షాపుకొచ్చినవాళ్లందరికీ చెప్పాను. మంచి ఆయిల్ పోస్తే తరగకపోవడమే కాదు, పెరుగుతుంది కూడా అన్నాను. ఒకాయన రాసుకున్నాడు.

శనివారం షాపునుంచి వస్తుంటే పెద్దావిడ వెనకనుంచి నీలంగా పొగ మొదలైంది. మామూలు పొగ కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే నా వెనకున్న స్కూటర్లవాళ్లు ఒకరికొకరు కనపడటం మానేశారు. ఒకాయన నా అద్దం సందుకి నోరు ఆనించి "దోమల మందు కొడుతున్నారా, కారు నడుపుతున్నారా?" అని అడిగాడు. ఎలాగో సెల్లార్‌లోకి చేర్చాను. సెక్రటరీ చార్టు చుట్టతో అక్కడే నిలబడున్నారు. వంగి, పెద్దావిడ కింద చార్టు పరిచి, ఎవరూ మార్చకుండా దాని మూల సంతకం పెట్టి, "శుభం" అని వెళ్లారు.

పొద్దున వెళ్లేసరికి చార్టు మీద ఉన్నది చుక్క కాదు. ప్రపంచపటం. ఖండాలు, ద్వీపాలు, ఒక మూల చిన్న సముద్రం కూడా ఏర్పడింది. మా ఇంటిల్లిపాదీ వచ్చారు. ఫ్లాట్లవాళ్లు కొందరు వచ్చి చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"ఫెయిల్" అన్నారు సెక్రటరీ. "సాయంత్రానికి బయట పెట్టించండి కళ్లజోడుగారూ."

"పెట్టను" అన్నాను.

"నోటీసులో రాశాను కదా."

"మీరు రాసిందానికి నేను సంతకం పెట్టలేదు. ఈ కారు నిన్నటిదాకా ఇలా కారలేదు. నేను పోయించిన ఆయిల్ తప్పు కాదు. కావాలంటే ఇక్కడే, మీ అందరి ముందే దింపిస్తాను. ఎంత కారిందో, ఎంత మిగిలిందో తేలుతుంది."

"తేలి ఏం లాభం? రూలు రూలే."

"మీ రూలు మీ దగ్గర పెట్టుకోండి. టబ్బు తెమ్మనండి."

నేను అంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలీదు. మెకానిక్ వచ్చి, కింద టబ్బు పెట్టి, బోల్టు విప్పాడు. ఆ ఇంజన్ పట్టేది మూడున్నర లీటర్లు. టబ్బు నిండింది. ఇంకా కారుతోంది. మెకానిక్ పరుగున వెళ్లి బకెట్ తెచ్చాడు. అదీ సగం దాటింది. మెకానిక్ నా వైపు చూశాడు.

"సార్, మనం పోసింది ఒక్క టిన్నే కదా?"

"ఒక్కటే."

"మరి ఇదంతా ఎక్కడిది సార్?"

బావమరిది సీలింగ్‌లో పైపులు లెక్కపెడుతున్నాడు. మామగారు కండువా మడతలు సరిచేసుకుంటున్నారు.

"ఒరేయ్" అన్నాను.

"నేను కొంచెమే బావా" అన్నాడు. "రోజుకి ఒక గ్లాసు. నీ తారు కాస్త పల్చబడితే ఇంజన్‌కి మంచిదని. నీ మాట కాదనడం ఇష్టంలేక చెప్పలేదు."

"వాడు పల్చన చేస్తున్నాడని నాకు తెలుసు అల్లుడుగారూ" అన్నారు మామగారు. "అందుకే నేను ఫార్టీ పోస్తూ వచ్చాను. కొంచెమే. చిక్కదనం నిలబడాలి కదా."

మా ఇంట్లో కూర పొయ్యి మీద ఉంటే అంతే. అటుగా వెళ్లిన ప్రతివాళ్లూ మూత తీసి, ఇంకెవరూ వేసి ఉండరన్న నమ్మకంతో చిటికెడు ఉప్పు వేసి, చప్పుడు కాకుండా మూత పెట్టి వెళ్తారు. నోట్లో పెట్టుకోలేక తింటూ అందరం బాగుందంటాం. కానీ ఇంజన్‌కి ఆ మర్యాద తెలీదు. కడుపు పట్టనంత పోసేసరికి లోపల నురగ కట్టి, పొగ కక్కి, దొరికిన ప్రతి సందులోంచీ బయటపడింది.

"చూశారా సెక్రటరీగారూ" అన్నాను. "ఇది కారడం కాదు. పెద్దావిడకి బలవంతాన తినిపించారు. మీకు అలా తినిపిస్తే మీ కింద చార్టు పరిచి చూస్తారా ఎవరైనా?"

"పోసిందెవరైనా కారింది కారే కదండీ. సాయంత్రానికి బయటికి."

అప్పుడు మా ఆవిడ ముందుకొచ్చింది. చేతుల మీద ఇంకా స్కూలు రంగుల మరకలున్నాయి.

"కారు కదలదు" అంది.

"అదేంటమ్మా, బయటికెళ్తే అమ్మేస్తానన్నది మీరే కదా? ఇనప సామాన్లవాణ్ణి కూడా పిలిపించారని విన్నాను."

"అమ్ముకుంటే మేం అమ్ముకుంటాం. అది మా ఇష్టం. మీరు గెంటితే పోవడానికి అదేమైనా మీ పరీక్షకి ఆలస్యంగా వచ్చిన పిల్లా? మా నాన్నని అర్ధరాత్రి ఆస్పత్రికి చేర్చింది ఇది. మీ ఆవిణ్ణి కూడా చేర్చింది, వానలో, మీ కొత్త కారు స్టార్ట్ కానప్పుడు. దాన్ని తొయ్యాలంటే నన్ను ముందు తొయ్యండి." ఆగి, నా వైపు తిరిగింది. "నేనూ పోశాను. రెండుసార్లు. ఎక్కడ కారి తగ్గిపోయి వీళ్ల చేతికి చిక్కుతుందోనని."

"నువ్వేది పోశావు?" అన్నాను.

"మీరు పోసిందే. ట్వంటీ ఫిఫ్టీ."

ఇంతమంది చాటుగా పోస్తే సరైనది పోసిన మనిషి ఒక్కతే. అమ్మేద్దామన్న మనిషి. నాకు ఆ సెల్లార్‌లో ఒక్క క్షణం ఎవరూ కనపడలేదు. కొత్త అద్దాల పవరు తేడా అనుకున్నాను.

సెక్రటరీ దగ్గారు. ఇంకోసారి దగ్గారు. "ఏదేమైనా... వచ్చే ఆదివారం సప్లిమెంటరీ పెడతాను" అన్నారు.

"ఎందుకంత దయ?" అంది మా ఆవిడ.

"దయ కాదు. లీకేజీ ఆపే మందని షాపులో చిన్న సీసా దొరికింది. నోటీసులూ గొడవలూ ఎందుకు, చల్లగా ఆగిపోతుందని... మొన్న నేనూ కొంచెం..."

మెకానిక్ బకెట్ వైపు చూసి, "అదీ మంచిదే సార్" అన్నాడు.

ఆ వారమంతా పెద్దావిడ సెల్లార్‌లోనే ఉంది, కడుపు ఖాళీగా. ఎందుకు ఖాళీయో చెప్తాను. ఆదివారం సెక్రటరీ చార్టు లాగి చూస్తే మల్లెపువ్వులా ఉంది. వెలుతురులో పెట్టి చూశారు. తిరగేసి చూశారు. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీశారు.

"ఇందులో అసలు ఆయిలే లేదు."

"ఉండాలని నోటీసులో లేదు" అన్నాను. "చుక్క కనపడకూడదని ఉంది. కనపడిందా?"

జేబులోంచి పెన్ను తీసి చార్టు మీద "పాస్" అని రాశారు. దాన్ని తీసుకెళ్లి షాపులో, అక్షరాలు చదివించే బోర్డు పక్కన తగిలించాను. నిన్న ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని దానివైపే కళ్లు చికిలించి, "ఒక మాట తప్ప ఏమీ కనపడట్లేదు బాబూ" అని బెంగపెట్టుకున్నాడు.

కాబట్టి పెద్దావిడ గేటు దాటలేదు. దాటదు. మామగారికీ బావమరిదికీ సెల్లార్‌లోకి ప్రవేశం లేదు. సెక్రటరీ ఆకస్మిక తనిఖీలు ఉంటాయని కొత్త నోటీసు అంటించారు. అంటించుకోనివ్వండి. లోకమంతా ఒకవైపున్నా నేను భయపడను.

అయితే ఖాళీ ఇంజన్‌తో కారు నడవదు. ట్వంటీ ఫిఫ్టీ టిన్ను తీసుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ ఆపింది.

"ఎలాగూ ఖాళీ అయింది కదండీ. ఈసారి ఫిఫ్టీన్ ఫార్టీ పోద్దాం."

"అదేంటి? నువ్వు పోసింది ట్వంటీ ఫిఫ్టీయే కదా?"

"మీరు పోసినదాంట్లో ఇంకోటి కలపకూడదని అది పోశాను. బాగుందని కాదు. పొద్దున్నే చలిలో స్టార్ట్ చేసేది నేను. ఆ చిక్కటిది పైకెక్కేదాకా అది ఎలా టకటకలాడుతుందో మీకేం తెలుసు? మీ చేతికొచ్చేసరికి అది వేడెక్కి, నవ్వుతూ ఉంటుంది."

"పల్చనైతే కారుతుందేమో."

"కారదు. మీరూ పట్టుపట్టకండి."

"తయారుచేసినవాడు..."

"తయారుచేసినవాడు పొద్దున్నే స్కూలుకి వెళ్తాడా?"

ప్రస్తుతం మా భోజనాల బల్ల మీద రెండు టిన్నులున్నాయి. వాటి మధ్య కూరగిన్నె. ఇద్దరం బస్సుల్లో తిరుగుతున్నాం, వేరువేరు బస్సుల్లో. బావమరిదిని ఎదిరించాను, మామగారిని ఎదిరించాను, సెక్రటరీని ఆయన సొంత నోటీసుతోనే ఓడించాను. కానీ అందరి ముందు నా పక్కన నిలబడ్డ మనిషిని ఎదిరించడం ఎలాగో నాకు తెలీడం లేదు. ఆవిడ మాట వింటే పెద్దావిడ కారి గేటు దాటుతుందేమోనని భయం. నా మాట నెగ్గించుకుంటే పొద్దున ఇంజన్ టకటకలాడినప్పుడల్లా నాకే తగులుతుంది.

అయ్యలారా, అమ్మలారా, మీలో పాత కారు ఉన్నవాళ్లు ఉంటారు. పాత కారూ, టీచరుద్యోగం చేసే భార్యా ఇద్దరూ ఉన్నవాళ్లుంటే మరీ మంచిది. ఎండిన సీళ్లున్న ఇంజన్‌లో ఫిఫ్టీన్ ఫార్టీ నిలుస్తుందా? పొద్దున ఆ చప్పుడు నిజంగా తగ్గుతుందా? మీ చేతులు పట్టుకుంటాను, చెప్పండి. నేను పట్టు వదలాలా, ఆవిడ వదలాలా? ఆవిడ ఇక బస్సు ఎక్కనని నిన్ననే చెప్పేసింది. త్వరగా చెప్పండి.